కళ్లం ఎందుకు రోడ్డెక్కింది

డిసెంబరులో ఆంధ్ర సరిహద్దుని ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి నుంచి కాశీనగర్ మీదుగా గుణుపురం వరకు ఏ ఊరి రోడ్డు ఎక్కినా పొద్దున తొమ్మిది దాటాక సగం రోడ్డే బండ్లకి, మిగతా సగం ధాన్యానికి. ఒక పక్క పొడుగ్గా పరిచిన వరి, దాని అంచున ఇటుకలో రాళ్లో తుమ్మకొమ్మలో, మధ్యలో కాళ్లతో చాళ్లు తీస్తూ ధాన్యం తిరగేసే ఆడమనిషి. దీని మీద ప్రతి ఏడూ ఒకటే గొడవ. బండి మీద వెళ్లేవాడు "రోడ్డేమైనా మీ తాత కట్టించాడా" అంటాడు, ధాన్యం దగ్గరున్నవాళ్లు "నాలుగు రోజులు ఓర్చుకోలేవా, నువ్వు తినేది ఇదే కదా" అంటారు. సంక్రాంతి దాటితే ఇద్దరూ మర్చిపోతారు, మళ్లీ కోతలొచ్చేదాకా ఆ మాటే ఉండదు. ఈ గొడవలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది, ధాన్యం నూర్చి ఆరబెట్టుకునే ఊరి కళ్లం ఏమైంది అని. రోడ్డు మీద ధాన్యం అంటే పోలీసులు చూసుకోవాల్సిన ట్రాఫిక్ వ్యవహారం అనుకుంటాం గానీ, తవ్వుకుంటూ పోతే దాని మొదలు తహసీల్దారు ఆఫీసు భూమి రికార్డుల్లో తేలుతుంది.

పూర్వం కోసిన చేను వెంటనే ధాన్యమయ్యేది కాదు. కొడవలితో కోసి పనలు నాలుగైదు రోజులు చేలోనే ఎండనిచ్చేవాళ్లు, తర్వాత మోపులు కట్టి కళ్లానికి చేర్చి కుప్ప వేసేవాళ్లు, తీరిక చూసుకుని, ఒక్కోసారి నెల గడిచాక కూడా, నూర్చేవాళ్లు. గడ్డితో పాటే గింజా ఎండిపోయేది కాబట్టి నూర్పు తర్వాత తూర్పారబట్టి గాదెలో పోసుకోవడమే మిగిలేది. ఇప్పుడు కోత మిషన్ దిగితే ఎకరం పని గంట అటూ ఇటూలో అయిపోతుంది, గింజ మాత్రం పచ్చిగా, 20 శాతం పైన తేమతో ట్రాలీలో పడుతుంది. చేలో పనల మీద జరగాల్సిన ఎండటం గింజ విడిపోయాక జరగాలి, అదీ ఆలస్యం లేకుండా, ఎందుకంటే పచ్చి ధాన్యం రాశి పోసి వదిలేస్తే లోపల వేడెక్కి ముక్కిపోతుంది, రంగు మారుతుంది, వాన తగిలితే మొలకే వచ్చేస్తుంది. మిషన్ వద్దని చెప్పడం తేలిక. కోతకి మనుషులు కావాలి కదా, ఆ సీజన్‌కి ఊళ్లో ఉండాల్సిన చేతులు చాలావరకు వలసల్లో ఉంటాయి.

ఆపైన మండీ, అంటే ప్రభుత్వం తరఫున ధాన్యం కొనే చోటు. మద్దతు ధరకి కొనాలంటే తేమ 17 శాతం దాటకూడదు, ఇది కేంద్రం పెట్టిన నాణ్యత ప్రమాణం, సరిహద్దుకి ఇటైనా అటైనా అదే. ఒడిశాలో 2024-25 సీజన్‌లో మద్దతు ధర మీద క్వింటాలుకి 800 రూపాయలు అదనంగా ఇవ్వడం మొదలుపెట్టారు, ఆ ఏడు సాధారణ రకానికి మద్దతు ధర 2,300 కాబట్టి రైతు చేతికి 3,100. ఎకరానికి 20 క్వింటాళ్లు వేసుకుంటే ఆ అదనమే 16,000. పచ్చి ధాన్యాన్ని పొలం గట్టు మీదే వ్యాపారికి అమ్మేస్తే ఆ డబ్బంతా పోయినట్టే, కాబట్టి 21లో ఉన్న తేమని 17కి దించడానికి రైతు ఏ రిస్కయినా చేస్తాడు. ధాన్యం ఎప్పుడు తేవాలో చెప్పే మండీ టోకెన్ మీద తేదీ ఉంటుంది, ఆ తేదీకి ధాన్యం సిద్ధంగా లేకపోతే ఇంకో టెన్షన్. మబ్బు పట్టిన రోజు, బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త వచ్చిన రోజు ఈ రోడ్ల మీద కనిపించే హడావుడి చూస్తే, రైతు రోడ్డెక్కింది బద్ధకంతో కాదని ఎవరికైనా అర్థమవుతుంది.

అసలు ఎంత చోటు కావాలి? ధాన్యం నాలుగు సెంటీమీటర్ల మందాన పరిస్తే చదరపు మీటరుకి దాదాపు 23 కిలోలు పడతాయి. అంటే ఎకరం పంట, 20 క్వింటాళ్లు, ఆరాలంటే 87 చదరపు మీటర్లు, రెండు సెంట్ల పైచిలుకు. ఇంటి ముందు వాకిట్లో అంత జాగా ఉన్న ఇల్లు ఇప్పుడు ఊళ్లో ఎన్ని ఉంటాయో ఎవరికి వాళ్లు లెక్కేసుకోవచ్చు. అదే ధాన్యం ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్డు మీద సగం వెడల్పులో పరిస్తే 46 మీటర్ల పొడవొస్తుంది. ఎకరం చొప్పున పదిమంది రైతులు ఒకే రోజు దిగితే దాదాపు అర కిలోమీటరు. ఎవరూ అత్యాశకి పోనక్కర్లేదు, మామూలు పంటకే ఊరి రోడ్డు నిండిపోతుంది.

తారు రోడ్డు నల్లగా ఉండి ఎండని పీల్చుకుంటుంది, నీళ్లు నిలవవు, ఇంటికి దగ్గర, ట్రాలీ నేరుగా వచ్చి తిరగబోస్తుంది, ఊడ్చుకోవడం తేలిక. మట్టి నేల మీద పరిస్తే కింద చెమ్మ పైకి తగులుతుంది, మట్టిగడ్డలు కలుస్తాయి, మండీలో మళ్లీ జల్లెడ పట్టమంటారు. ఇన్ని సుఖాలున్న చోటు ఇంకొకటి ఊళ్లో లేదు. అయితే ఈ సుఖానికీ ఖరీదుంది. నల్ల తారు మీద పల్చగా పరిచి తిరగేయకుండా వదిలేస్తే గింజ పైపైన తొందరగా ఎండి లోపల పగులు పడుతుంది, మరలో నూక ఎక్కువ వస్తుంది. బండి టైరు కింద పడ్డది ఎలాగూ పోయినట్టే, చిన్న కంకర కలిసిందీ పోయినట్టే. మిల్లరు బస్తాకి ఇంత అని కోత పెట్టడానికి ఇవే సాకులు.

ఇక ప్రమాదం సంగతి. గ్రామ సడక్ రోడ్డు తారు వెడల్పు మామూలుగా 3.75 మీటర్లు, రద్దీ తక్కువ ఉన్నచోట 3 మీటర్లే. మోటారు వాహనాల నియమాల ప్రకారం బస్సు వెడల్పు 2.6 మీటర్ల దాకా ఉండొచ్చు. సగం రోడ్డు ధాన్యానికి పోతే మిగిలేది 1.9 మీటర్లు, అంటే బస్సు ఒక చక్రం ధాన్యం మీదన్నా పెట్టాలి, మట్టి అంచు మీదకన్నా దిగాలి. డ్రైవరు దాదాపు ఎప్పుడూ మట్టి అంచుకే దిగుతాడు, ఎందుకంటే ధాన్యం తొక్కితే ముందు ఊళ్లో బస్సు ఆపేస్తారు. వానలకి అంచు కోసుకుపోయి తారుకీ మట్టికీ మధ్య జానెడు తేడా ఉన్నచోట అలా దిగిన బండి మళ్లీ పైకెక్కేటప్పుడు అదుపు తప్పుతుంది. టూవీలర్ సంగతి ఇంకో రకం. ఎండిన గింజ మీద బ్రేకు వేస్తే గోలీలు పరిచిన నేల మీద కాలు పెట్టినట్టే, ముందు చక్రం జారిపోతుంది.

పగలు ఇవన్నీ కనిపిస్తాయి కాబట్టి ఎలాగో నెట్టుకొస్తారు, అసలు చంపేది సాయంత్రం. మంచు పడుతుందని పొద్దుగూకే వేళకి ధాన్యం కుప్పలు చేసి పైన బరకం కప్పుతారు, గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పేరుస్తారు. నల్ల రోడ్డు మీద నల్ల బరకం, వీధి దీపం లేని చోటు, ఎదురుగా హైబీమ్ వేసుకొచ్చే బండి. వంశధార లోయలో డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో మంచు దిగితే పది గజాల అవతల ఏముందో తెలియదు. దీన్ని మించింది ఇంకొకటుంది: ధాన్యం ఎత్తేసి వెళ్లాక కూడా రాళ్లు రోడ్డు మీదే ఉండిపోతాయి. ధాన్యానికి యజమాని ఉంటాడు, రాయికి ఎవరూ ఉండరు. రేపు మళ్లీ పనికొస్తాయి కదా అని వదిలేసిన ఆ నాలుగు రాళ్లు ఫిబ్రవరిలో కూడా అక్కడే కనిపిస్తాయి. ఈ మొత్తం గొడవలో రైతుని గట్టిగా తప్పుపట్టాల్సింది ఏదైనా ఉంటే ఇదే, చోటు లేకపోవడానికి అతను కారణం కాకపోవచ్చు గానీ రాయి తీసి పక్కన పెట్టడానికి ఏ ప్రభుత్వ పథకమూ అక్కర్లేదు.

దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, అందులో దాదాపు మూడింట రెండు వంతుల మంది గ్రామీణ ప్రాంతాల రోడ్ల మీదే. ఇందులో ధాన్యం వాటా ఎంతో విడిగా తేలదు, అలాంటి కేసు చాలాసార్లు "బండి అదుపు తప్పి" అన్న ముక్కతో ముగిసిపోతుంది కాబట్టి.

చట్టం ఏమంటుందో చూస్తే, దారికి అడ్డం కలిగించడం నేరం. పాత శిక్షాస్మృతి 283 సెక్షన్ కింద దీనికి జరిమానా 200 రూపాయలు ఉండేది, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 285 సెక్షన్ దాన్ని 5,000 దాకా పెంచింది. నిర్లక్ష్యం వల్ల మనిషి ప్రాణం పోతే 106 సెక్షన్, అయిదేళ్ల దాకా జైలు. అడ్డం తొలగించమని ఆర్డరిచ్చే అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152 సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటుకి ఉంది. కాబట్టి చట్టం లేదు అనే వాదన చెల్లదు, కావాల్సినంత ఉంది. వాడటమే కష్టం. ఊరంతా ఆరబోసిన రోజు ఎవరి మీద కేసు పెడతారు? పెట్టినా ఆ ధాన్యం ఎక్కడికి మార్చమంటారు? ఇది తెలిసే పోలీసులు మైకులో హెచ్చరించి వెళ్లిపోతారు, ప్రమాదం జరిగిన రోజు మాత్రం ఆ ధాన్యం ఎవరిదో వాడొక్కడే దొరుకుతాడు. అందరూ చేసే పనికి ఒక్కడు బలైపోవడం అంటే ఇదే.

జారిపడ్డవాడి పరిస్థితీ అంతంతే. ఇంకో బండి గుద్దకుండా తనంతట తాను పడ్డాడు కాబట్టి థర్డ్ పార్టీ బీమాలో అతనికి వచ్చేది ఏమీ ఉండదు. బండి యజమానికి ఉండే వ్యక్తిగత ప్రమాద బీమా 15 లక్షలు, అది కూడా బండి అతని పేరునే ఉండి, లైసెన్సు ఉండి, పాలసీ నడుస్తుంటేనే. బావమరిది బండి తీసుకుని పాతపట్నం వెళ్లొస్తూ పడితే అదీ లేదు. పల్లెల్లో బండి ఒకరి పేరున ఉండి ఇంటిల్లిపాదీ నడపడం మామూలే కాబట్టి ఈ సంగతి చాలామందికి ఆస్పత్రిలో తెలుస్తుంది.

"రోడ్డేమైనా మీ తాత కట్టించాడా" అన్న మాటకి రైతు దగ్గర అసలైన జవాబు ఒకటుంది, పాపం అది ఎవరూ చెప్పరు. 2000 డిసెంబరు 25న మొదలైన గ్రామ సడక్ యోజనలో రోడ్డు వేయడానికి డబ్బులిస్తారు, భూసేకరణకి ఇవ్వరు. భూమి చూపించాల్సింది రాష్ట్రం. చాలా చోట్ల జరిగిందేమిటంటే, పాత బండి దారినే పట్టుకుని అటొక గజం ఇటొక గజం పక్క రైతుల గట్లు చెక్కేసి రోడ్డు వేశారు, ఊరికి రోడ్డొస్తుందన్న సంతోషంలో వాళ్లూ సరేనన్నారు. ఆ గజం ఇప్పటికీ కొందరి పట్టాలో వాళ్ల పేరు మీదే ఉంటుంది, శిస్తు కూడా కడుతూనే ఉంటారు. అలాంటి మనిషి రోడ్డుని పూర్తిగా పరాయిదని అనుకోడు. చట్టం ముందు ఇది నిలవదు, ప్రజలు నడిచే దారి అయ్యాక అందులో ఎవరికీ వేరే హక్కు ఉండదు. కానీ అతని మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా అతనితో మాట్లాడితే ఫలితం ఉండదు.

ఇక కళ్లం దగ్గరికి. ఒడిశా భూమి రికార్డుల్లో ప్రభుత్వ భూమి వేర్వేరు ఖాతాల్లో ఉంటుంది: ప్రత్యేకించి పక్కన పెట్టిన రఖిత, అందరిదీ అయిన సర్వసాధారణ, సాగులో లేని భూమిలో సాగుకి పనికొచ్చే అనాబాదీ, పనికిరాని అనాబాదీ. ఊరందరూ వాడుకునే చోటు సాధారణంగా రఖితలోనో సర్వసాధారణలోనో ఉంటుంది. ఊళ్లో ఏ కొత్త కట్టడం వచ్చినా, అంగన్‌వాడీ, నీళ్ల ట్యాంకు, పంచాయతీ గోడౌను, కల్యాణ మండపం, మొదట కళ్లు పడేది వీటి మీదే, ఎందుకంటే కొనక్కర్లేదు, ఎవరూ కోర్టుకి వెళ్లరు. ఏడాదిలో పది నెలలు ఖాళీగా కనిపించే కళ్లం ఆఫీసరు కంటికి పనికిరాని బయలే. కొంత భూమి ఆక్రమణల్లో పోయింది, ఒడిశా భూ ఆక్రమణ నిరోధక చట్టం 1972 నుంచీ ఉన్నా సరే. మరికొన్ని కళ్లాలు ఎవరో ఒక రైతు సొంత భూమిలో, ఊరి మాట మీద నడిచేవి. రోడ్డు పడ్డాక ఆ పక్క భూమికి రేటొచ్చింది, ఘరబారీగా, అంటే ఇళ్ల స్థలంగా, కన్వర్షన్ చేయించి ప్లాట్లు వేసుకున్నారు. ఒడిశా భూసంస్కరణల చట్టం 8ఏ సెక్షన్ ప్రకారం సాగు భూమిని వేరే పనికి వాడాలంటే అనుమతి తీసుకుని ఫీజు కట్టాలి, అది ఆ భూమి కిసం, అంటే రకం, మార్చుకునే పద్ధతి. ఊరు దశాబ్దాలుగా అక్కడ ధాన్యం నూర్చుకుంటోందని ఆ ఫారంలో రాసే గడి ఉండదు.

కౌలు రైతు సంగతి మరీ ఇరకాటం. ఒడిశాలో భూమి కౌలుకివ్వడం, వితంతువులు, మైనర్లు, సైన్యంలో ఉన్నవాళ్లు వంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే, చట్టప్రకారం కుదరదు. జరుగుతున్నది అంతా నోటిమాట, భాగచాషి (పంటలో వాటాకి చేసే కౌలుదారు) పేరుతో. పర్లాకిమిడి, గుణుపురం చుట్టుపక్కల తెలుగు కుటుంబాల్లో ఇలా చేసుకునేవాళ్లు ఉన్నారు, అటు శ్రీకాకుళం వైపు బంధువుల పొలం, ఇటు ఇంకొకరి పొలం చూసుకునేవాళ్లూ ఉన్నారు. వచ్చే ఏడు ఉంటుందో లేదో తెలియని పొలంలో సిమెంటు కళ్లం ఎవరు పోయించుకుంటారు? యజమాని ఒప్పుకోడు, పాతుకుపోతాడేమోనని భయం. రాయగడ జిల్లా మొత్తం, గజపతి జిల్లాలో ఆర్. ఉదయగిరి ప్రాంతం, గుమ్మా, రాయగడ (జిల్లా కాదు, అదే పేరున్న బ్లాకు) బ్లాకులు షెడ్యూల్డ్ ఏరియా, అక్కడ 1956 నాటి 2వ రెగ్యులేషన్ కింద గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనడానికి వీల్లేదు, 2002 సవరణ తర్వాత మరీ గట్టిగా. ఆ నిబంధన ఉండాల్సిందే, అది లేకపోతే కొండ కింద పల్లం భూమి ఒక్కటీ వాళ్ల చేతిలో మిగిలేది కాదు, దాన్ని సడలించమనడం ఇక్కడి వాదన కానే కాదు. కాకపోతే దాని అర్థం ఏమిటంటే అక్కడ ఎవరికి వారు కళ్లం కొనుక్కోవడం చాలామందికి కుదరదు, ఊరి ఉమ్మడి కళ్లమే దారి, అది లేని రోజు గిరిజన రైతూ గిరిజనేతర రైతూ ఇద్దరూ వచ్చేది ఒకే రోడ్డు మీదకి.

సరిహద్దు వల్ల ఇంకో చిక్కు. ఒడిశా మండీలో ఒడిశా భూమి మీద నమోదైన ధాన్యమే కొంటారు. ఇల్లు ఇటు, పొలాలు రెండు వైపులా ఉన్న కుటుంబం రెండు రాశులూ కలపకుండా విడివిడిగా ఆరబెట్టుకోవాలి, విడివిడిగా సంచులకెత్తాలి. చోటు ఇంకా ఎక్కువ కావాలి.

ధాన్యం ఒక్కటే అయితే ఈ రోడ్లు ఇంత పాడయ్యేవి కావు. దమ్ము సీజన్‌లో ఇనుప చక్రాల ట్రాక్టర్లు ఒక మడి నుంచి ఇంకో మడికి రోడ్డు మీదుగానే వెళ్తాయి, తారు మీద వరసగా గాట్లు పడతాయి, వానకి ఆ గాట్లలో నీళ్లు చేరి అక్కడి నుంచే గుంట మొదలవుతుంది. చక్రాలు విప్పి మార్చి మళ్లీ బిగించడానికి పట్టే టైములో ఒక మడి దున్నేయొచ్చు, గంటకింత అని బాడుగకి తిరిగే డ్రైవరు ఎందుకు విప్పుతాడు? జరిమానా వేస్తామని బోర్డు పెట్టడం కంటే ముందు చూడాల్సింది పొలంలోకి దిగే దారులు. రోడ్డుని గట్టు పోసి ఎత్తులో వేశారు, పక్క పొలం మూడు నాలుగు అడుగుల కింద ఉంది, మధ్యలో కాలువ. కాంట్రాక్టులో పొలం దిగడానికి ర్యాంపు గానీ, కింద తూము గానీ చాలా చోట్ల ఉండదు. రైతు తనే పలుగుతో రోడ్డు అంచు కొట్టి దారి చేసుకుంటాడు, కాలువ పూడుస్తాడు. రెండు వానలకి ఆ కొట్టిన చోట తారు అంచు విరిగి కింద పడుతుంది, పూడిన కాలువ నీళ్లు రోడ్డెక్కుతాయి. ఇంజినీరు లెక్కలో ఇది రైతు చేసిన నష్టం, రైతు లెక్కలో ఇంజినీరు మర్చిపోయిన ర్యాంపు. పది పన్నెండు మంది రైతులకి కలిపి ఒక ర్యాంపు, ఒక సిమెంటు తూము రోడ్డు ఎస్టిమేటులోనే పెట్టేస్తే అయ్యే ఖర్చు తర్వాత అంచు మరమ్మతుకి పోసే ఖర్చు ముందు పెద్దదేమీ కాదు.

ట్రాలీల గురించి క్లుప్తంగా. వెనక రెండు ఎర్ర రిఫ్లెక్టర్లు ఉండాలన్నది నిబంధన, రాత్రిపూట కనిపించే ట్రాలీల్లో చాలావాటికి ఎర్ర రంగు కూడా ఉండదు. గుణుపురం, బిస్సంకటక్ వైపు పత్తి లోడు ట్రాలీ పక్కలకి ఇంత ఉబ్బి ఉంటుంది, రాయగడ కాగితం మిల్లుకి వెళ్లే కర్ర లోడు వెనక్కి పొడుచుకొచ్చి ఉంటుంది, వెనక వచ్చే బైకు హెడ్‌లైటుకి ముందు కనిపించేది కర్ర చివరే. రిఫ్లెక్టర్ టేపు ఖరీదు ఒక పూట డీజిలంత కూడా ఉండదు, దీనికి రైతు కష్టాలతో ముడిపెట్టి సాకు చెప్పడం అనవసరం. డ్రైవింగ్ లైసెన్సు విషయంలో మాత్రం కొంత ఊరట వచ్చింది: మొత్తం బరువు 7,500 కిలోల లోపున్న బండికి తేలిక వాహనాలకిచ్చే మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సు సరిపోతుందని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. అయితే ట్రాక్టరు ఇంజను పక్కన మడ్‌గార్డు మీద మనుషుల్ని కూర్చోబెట్టడం ఇప్పటికీ నిషేధమే, వ్యవసాయ ట్రాలీలో పెళ్లి జనాన్ని ఎక్కించి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేయడానికి అదొక్కటే చాలు.

మండీ, మిల్లుల ముందు క్యూ ఇంకో సంగతి. మిల్లుకి భూమి కన్వర్షన్ అయ్యింది, పొగగొట్టానికి అనుమతి వచ్చింది, సీజన్‌లో ఒకేసారి వచ్చే ముప్పై నలభై ట్రాక్టర్లు ఎక్కడ నిలబడాలో ఎవరైనా అడిగినట్టు ఆ రోడ్డు మీద క్యూ చూస్తే అనిపించదు. జాతీయ రహదారికి రోడ్డు మధ్య నుంచి 40 మీటర్ల లోపల కట్టడం వద్దని, 75 మీటర్ల దాకా నియంత్రణ ఉండాలని మార్గదర్శకాలున్నాయి. అవి గోడలకి సంబంధించినవి, నిలబడిపోయిన ట్రాక్టరుకి కాదు. కన్వర్షన్ ఇచ్చేటప్పుడే లోపల ఇంత జాగా బండ్లకి వదలాలని షరతు పెడితే రాత్రంతా లైట్లు లేకుండా రోడ్డు పక్క ఆగి ఉండే ట్రాలీల బాధ సగం తీరుతుంది.

కళ్లానికి ఎంత కావాలో కూడా లెక్క వేయొచ్చు. 200 ఎకరాల వరి ఉన్న ఊరు అనుకుందాం. ఒక విడత ఆరడానికి మూడు రోజులు, కోతలు నాలుగు వారాలు సాగితే తొమ్మిది విడతలు. అర ఎకరం సిమెంటు నేల ఉంటే ఒక విడతకి 23 ఎకరాల ధాన్యం పడుతుంది, తొమ్మిది విడతల్లో ఊరంతా అయిపోతుంది. 200 ఎకరాలకి అర ఎకరం. ఒకేచోట దొరక్కపోతే 12 సెంట్ల చొప్పున నాలుగు చోట్ల వేసినా సరే, పైగా అదే మంచిది, వీధికి ఒకటి అయితే తగువులు తక్కువ. పంచాయతీలు ఇప్పుడు మొక్కుబడిగా అక్కడక్కడా పోసే చిన్న చప్టాలు ఇద్దరు రైతులకే సరిపోతాయి, అది కూడా ముందు లేచినవాడికే. ఏడాదిలో మిగతా రోజులు ఆ నేల మీద మొక్కజొన్న, జీడిపిక్క, పసుపు ఆరబెట్టుకోవచ్చు, పిల్లలు క్రికెట్ ఆడుకోవచ్చు. ఆడుకుంటున్నారు కదా అని దాన్ని ఆటస్థలం అని రికార్డులో మార్చేస్తే మాత్రం పదేళ్లకి కథ మళ్లీ మొదటికొస్తుంది.

డబ్బు ఎక్కడిది అన్నదానికి తెలంగాణలో జరిగింది చూడాలి. అక్కడ ఉపాధి హామీ నిధులతో పొలాల దగ్గర కళ్లాలు కట్టించారు, ఆ పని నిబంధనల్లో లేదని 2022లో కేంద్రం 151 కోట్లు వెనక్కి ఇమ్మంది, దాని మీద పెద్ద రాజకీయ రచ్చ నడిచింది. చేపలు ఆరబెట్టే నేలకి ఆ పథకంలో వీలుండి వరి ఆరబెట్టే నేలకి లేకపోవడం ఏమిటని అప్పట్లో అడిగినవాళ్లకి సరైన జవాబు రాలేదు. కాబట్టి ఏ పథకం కింద కడుతున్నారో ముందే చూసుకోవాలి, ఊరి కళ్లం అయితే భూమి పంచాయతీది కాబట్టి దారులు కొంచెం ఎక్కువ. మార్కెట్ కమిటీ యార్డుల్లో ఉన్న సిమెంటు నేలని కొనుగోలుకి ముందు వారం ఆరబెట్టుకోవడానికి తెరిస్తే కొత్తగా కట్టక్కర్లేకుండానే కొంత గడుస్తుంది. ఆరబెట్టే యంత్రాలు చిన్న రైతుకి భారం, అవి మిల్లుల్లోనూ మండీల్లోనూ ఉండాల్సినవి.

అంతదాకా ఈ ఏటి ధాన్యం ఏం చేయాలి? చట్టప్రకారం తారు మీద అంగుళం కూడా లేదు, ఏ అధికారీ ఉందని రాసివ్వలేడు. అయినా ఆరబెట్టక మానరు కాబట్టి ఊళ్లు తమలో తాము కట్టుకోవాల్సిన కట్టుబాట్లు కొన్నున్నాయి. బస్సు తిరిగే రోడ్డు వద్దు, మలుపు దగ్గర, కల్వర్టు దగ్గర, బడి ముందు అసలే వద్దు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పక్కన మిగిలిపోయిన పాత రోడ్డు ముక్కలు చాలా చోట్ల ఉన్నాయి, ముందు అవి నింపాలి. రాళ్ల బదులు ఇసుక నింపిన గోనెసంచులు, వాటికి నాలుగు వేళ్ల రిఫ్లెక్టర్ టేపు. చీకటి పడేలోగా కుప్ప తారు దిగాలి.

శాశ్వతమైన పని మాత్రం పల్లీసభలోనే, అంటే ఊరి ఓటర్లంతా కూర్చునే సభలోనే, మొదలవ్వాలి. ఒడిశా గ్రామ పంచాయతీ చట్టం ప్రకారం ఏటా ఫిబ్రవరిలో పల్లీసభ పెట్టాలి, అంటే ధాన్యం గొడవ ఇంకా అందరికీ గుర్తున్న నెలలోనే. అక్కడ "కళ్లం కావాలి" అని ఊరికే అడిగితే మినిట్స్‌లో ఒక లైనుగా మిగిలిపోతుంది. ముందుగా ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) ఆఫీసులో ఊరి రఖిత, సర్వసాధారణ ఖాతాల ప్లాట్ల జాబితా, నక్షా తీసుకోవాలి, ఏ ప్లాటు ఎంత ఉంది, ఎవరి చేతిలో ఉంది, ట్రాలీ వెళ్లే దారి ఉందా లేదా అన్నది ఊళ్లో ఇద్దరు ముగ్గురు నడిచి చూసి రావాలి. తీర్మానంలో ప్లాటు నంబరు, విస్తీర్ణం, అమీన్ (సర్వేయరు) కొలతకి దరఖాస్తు, ఆ ప్లాటు ఇంకో కట్టడానికి ఇవ్వకూడదన్న షరతు, ఈ నాలుగూ రాయించి తహసీల్దారుకి ఒక కాపీ పంపి రసీదు పెట్టుకోవాలి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న ఊళ్లలో అర్జీ ఒడియాలో రాయించడానికి బద్ధకించి మానేసేవాళ్లున్నారు, హైస్కూలు చదువుతున్న పిల్లలెవరైనా అరగంటలో రాసిపెట్టే పని అది.